జానయ్య తిరిగిన పొలిమేర

షాద్‌నగర్ నుంచి పడమటికి సగం దినం నడిస్తే ఎర్రగట్టుపల్లి వస్తుంది. నిజాం ఏలుబడి చివరి రోజుల్లో ఆ ఊరి మాలవాడలో జానయ్య అనే మనిషి ఉండేవాడు. ఆయన ఆస్తి ఒక గుడిసె, రెండు మేకలు, మారెమ్మ అనే భార్య, ఆ భార్య నోరు. గర్వం మాత్రం గద్వాల రాజుకు కూడా అంత ఉండి ఉండదు. ఏటా ఆషాఢంలో ఊరి చుట్టూ పొలి చల్లే హక్కు జానయ్య ఇంటిది. తాత చల్లాడు, తండ్రి చల్లాడు, ఇప్పుడు జానయ్య చల్లుతున్నాడు. ఆ సంగతి తెలియని మనిషి ఊళ్లో లేడు. తెలియకపోతే జానయ్యే ఆపి చెప్పేవాడు.

ఆషాఢమంటే ఆ రోజుల్లో గత్తర వచ్చే కాలం. కలరాను అక్కడ గత్తర అంటారు. పొద్దున బాగున్న మనిషి మాపటికి ఉండడు. దవాఖాన షాద్‌నగర్‌లో, మందు అక్కడ కూడా అంతంతమాత్రం. అందుకని ఊరంతా కలిసి మైసమ్మకు మేకపోతును కోసేవాళ్లు. దాని నెత్తురు కలిపిన అన్నాన్ని గంపకెత్తి జానయ్య నెత్తిన పెట్టేవాళ్లు. ఆయన తెల్లవారగానే బయలుదేరి ఊరి పొలిమేర వెంట పరుగెత్తుతూ ఆ అన్నం చల్లేవాడు. వెనక ఊరి మగవాళ్లు కట్టెలు పట్టుకుని ఉరికేవాళ్లు. పొరుగూరివాళ్లు ఆ మెతుకులు ఎత్తుకుపోతే ఈ ఊరి పంట ఆ ఊరికి పోతుందని నమ్మకం.

దీనికి గట్టి నియమాలున్నాయి. గంప నెత్తికెక్కిన తర్వాత మళ్లీ మైసమ్మ ముందు దించే దాకా ఎవరూ నోరు విప్పకూడదు. పొలి మోసేవాడు ఆగకూడదు, వెనక్కి చూడకూడదు, వేసిన అడుగు వెనక్కి తీయకూడదు. ఏది తప్పినా ఆ ఏడు పొలి చెడినట్టే, గత్తరకు వాకిలి తెరిచినట్టే.

పొలి తిరిగాక ఊరికి కట్టు పడుతుంది. అమ్మవారిని సాగనంపే దాకా బయటివాడు గీత లోపలికి రాకూడదు, లోపలివాడు బయటికి పోకూడదు. తహసీలు జవాను హుకుం పట్టుకొచ్చినా సరే, గీత అవతల చింతకింద కూర్చుని బీడీలు కాల్చుకోవలసిందే. నైజాం రాజ్యంలో నైజాం హుకుం నడవని చోటు చూపించమంటే, ఆ కొద్ది రోజులూ ఎర్రగట్టుపల్లిని చూపించవచ్చు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నా కడుపు మండుతుంది. ఊరి గీత ఎక్కడుందో జానయ్య కాళ్లు చెప్పాలి. కానీ ఆ ఊరి నడిమధ్య, బొడ్రాయి దగ్గర, జానయ్య నిలబడడానికి లేదు. గీత గీసేవాడి గుడిసె ఊరి అంచున, నీళ్లు ఎవరో పోస్తే తాగాలి. ఇందులో న్యాయం ఎక్కడుందని ఎవరూ అడగలేదు. జానయ్య కూడా అడగలేదు. ఆయన గర్వం ఆయన్ను అడగనివ్వలేదు.

పొలికి ముందురోజు మోసేవాడు గీత వెంట ఒకసారి నడిచి చూసుకోవాలి. ఏ గట్టు కోసుకుపోయిందో, ఏ రాయి ఒరిగిందో తెలుస్తుంది. జానయ్య తండ్రి చివరిదాకా అలా నడిచాడు. జానయ్య మానేసి కొన్నేళ్లయింది.

"పోయి జర చూసి రారాదు?" అన్నది మారెమ్మ ఆ ఏడు. అది తెల్లవాళ్లు దేశం విడిచిపోతున్నారని ఊరూరా చెప్పుకుంటున్న నలభై ఏడో సంవత్సరం.

"నా కాళ్లకు ఎరుకలేదే? కండ్లకు గంత కట్టి ఇడువు, తిరిగొస్త."

"గంత గుర్రానికి కడ్తరు. నీకు కట్టకున్నా గట్లనే ఉరుకుతవు" అని ఆమె జొన్నలు చెరుగుతూ కూర్చుంది.

తెల్లవారింది. సన్నటి తుంపర. జానయ్య గంప ఎత్తుకుని మంచి ఊపులో ఉరికాడు. తూర్పు వైపు బాగానే తిరిగాడు, దక్షిణం బాగానే తిరిగాడు. ఎర్రగట్టు కింద ఒంటి తాటిచెట్టు ఒకటుండాలి. దాని దగ్గర ఊరివైపు మలగాలి. కానీ ఎండాకాలంలో ఎవరో దాన్ని కొట్టి నీళ్లదోనె చేసుకున్నారు. మొద్దు మీద గడ్డి మొలిచింది. జానయ్య కళ్లకు దూరంగా ఇంకొక ఒంటి తాటిచెట్టు కనబడింది. అది పొరుగూరు దొంతికుంట వాళ్ల భూమిలోది. జానయ్య ఏమాత్రం అనుమానం లేకుండా దానివైపు సాగిపోయాడు.

వెనకనున్న వాళ్లందరూ చూశారు. చూసి ఏం చేస్తారు? నోరు విప్పితే పొలి చెడుతుంది. పటేలు తమ్ముడు కట్టెతో నేలను దబదబ బాదాడు. ఒకడు తువ్వాల నోట్లో కుక్కుకున్నాడు. ఇంకొకడు దగ్గాడు. దగ్గు మాట కిందికి వస్తుందా రాదా అని ఆ ఊళ్లో తర్వాత చాలాకాలం వాదించుకున్నారు. జానయ్య ఆ చప్పుళ్లన్నీ విని, తన వేగానికి జనం మురిసిపోతున్నారనుకుని ఇంకా గట్టిగా ఉరికాడు. దొంతికుంట దొరకు చెందిన ఆముదపు చేను చుట్టూ తిరిగి, ఆ చేను అంచున ఉన్న ఒక గుడిసె వెనక పిడికెడు పొలి చల్లి, ఆ రెండో తాటిచెట్టు దగ్గర దర్జాగా మలిగి ఊరివైపు వచ్చాడు.

మైసమ్మ ముందు గంప దించగానే పది నోళ్లు ఒక్కసారి తెరుచుకున్నాయి.

"ఏం జేసినవ్‌రా జానిగా!" అని పటేలు నెత్తి పట్టుకున్నాడు. "దొర చేను మన గీతల పెట్టి వచ్చినవ్!"

"నేను తప్పు తిరుగుతనా? మా తాత తిరిగిన దారే" అన్నాడు జానయ్య. అన్నాడు గానీ, కొట్టేసిన చెట్టు సంగతి వినగానే అక్కడే కూలబడ్డాడు.

మళ్లీ తిరగడానికి లేదు. మళ్లీ తిరగడమంటే మొదటిది చెడిందని ఒప్పుకోవడం. చెడిందని ఒప్పుకుంటే గత్తరను చేతులారా పిలిచినట్టే. పొలి పడిపోయింది, కట్టు పడిపోయింది. కట్టులో దొర చేనూ, చేను అంచున గుడిసే, గుడిసెలోని మనిషీ పడిపోయారు.

ఆ మనిషి హనుమమ్మ. మొగుడు దొరగారి గడీలో వెట్టి చేస్తూ చచ్చిపోయాడు. ఆయన పోయాక ఆ వెట్టి ఈమె మెడకు పడింది. కోడి కూయకముందే గడీకి పోవాలి, వాకిళ్లు ఊడ్చాలి, గొడ్ల కొట్టం ఎత్తాలి, దంచాలి, విసరాలి, చీకటిపడ్డాక రావాలి. కూలి లేదు. జ్వరమొచ్చినా లెక్కలేదు. ఒకసారి పోకపోతే గాలయ్య అనే దొర మనిషి వచ్చి జుట్టు పట్టి ఈడ్చుకుపోయాడు. ఆమె చేతిలోని జొన్నగటక ముంత అక్కడే పగిలింది. ఆ తర్వాత ఆమె ఎప్పుడూ ఆలస్యం చేయలేదు.

మర్నాడు పొద్దున ఆమె యథాప్రకారం లేచి గడీవైపు బయలుదేరింది. గీత దగ్గర కాపలా ఉన్న ఎర్రగట్టుపల్లి వాళ్లు కట్టెలు అడ్డం పెట్టారు.

"ఏడికి? కట్టు ఉన్నది. బయటికి పోవద్దు."

"పోకుంటే నన్ను కొడ్తరు" అన్నది ఆమె.

"పోతే ఊరంత సస్తది. మల్లు."

హనుమమ్మ మళ్లింది. ఇంత పొద్దుండగా తన గుడిసె ముందు తాను నిలబడి ఎన్నేళ్లయిందో ఆమెకే తెలియదు. చేతులు ఏం చేయాలో తెలియక వాకిలి ఊడ్చింది. ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చింది. తర్వాత గోడకు చేరబడి పట్టపగలు నిద్రపోయింది.

ఎండ ముదరగానే గాలయ్య వచ్చాడు. గీత అవతల నిలబడి ఆమె పేరు పెట్టి అరిచాడు. ఆమె లేచింది. ఆమె కంటే ముందు కాపలావాళ్లు లేచారు. గాలయ్య ఒక కాలు ముందుకు వేయబోయి, కింద తడిసి ఎర్రగా పడున్న మెతుకులు చూసి ఆగాడు. పరాయి ఊరి పొలి దాటితే ఆ ఊరి గత్తర దాటినవాడి ఇంటికి వస్తుందని ఆయనకూ తెలుసు. ఇంట్లో చంటిపిల్లలున్నారు. నోటికొచ్చినవన్నీ తిట్టి వెనక్కి పోయాడు. కాసేపటికి దొరే గుర్రం మీద వచ్చి, రేపు పొద్దున ఈ సంగతి ఇక్కడే తేలాలని చెప్పి పోయాడు.

పటేలుకు ఆ మాపు ముద్ద దిగలేదు. దొంతికుంట దొరకు తహసీలులో పలుకుబడి, చేతికింద మనుషులు. పటేలుకు ఉన్నది మీసం. జానయ్యను పిలిచి, "రేపు అందరి ముంగట తప్పైందని కాళ్లు మొక్కు. దొర తన మనిషిని తోలుకపోతడు. మనం ఏదన్న శాంతి చేసుకుందం" అన్నాడు.

జానయ్య అక్కడి నుంచి నేరుగా బడి అరుగు దగ్గరికి పోయాడు. అక్కడ కృష్ణయ్య పంతులు పత్రిక చదువుకుంటున్నాడు. షాద్‌నగర్ పోయినప్పుడల్లా పాత పత్రికలు కట్టగట్టి తెచ్చుకుని, ఊరివాళ్లకు రాజ్యాల ముచ్చట్లు చెప్పడం ఆయన అలవాటు. పక్కా బడిపంతులు, చాదస్తం ఉంది, మనసులో కల్మషం లేదు.

"పంతులయ్యా, తప్పు గీత గీత అయితదా?" అని అడిగాడు జానయ్య, అరుగు కింద గొంతుక్కూర్చుని.

పంతులు కళ్లద్దాలు తీశాడు. ఇలాంటి ప్రశ్న కోసమే ఆయన బతుకంతా ఎదురుచూస్తున్నట్టుంది.

"పడమటి దేశాల్ల మూడు వందల ఏండ్ల కింద పెద్ద లడాయి అయింది జానయ్యా. ముప్పై ఏండ్లు కొట్టుకున్నరు. ఒక రాజు ఇంకో రాజు దేశంల జొరబడి, మీరు గిట్ల మొక్కాలె, గట్ల మొక్కొద్దు అనుడు. ఊర్లకు ఊర్లు కాలినయ్. ఆఖరికి అలిసిపోయి కూసొని కాగితాలు రాసుకున్నరు. నీ పొలిమేరల నీ మాట ఆఖరిది, నా పొలిమేరల నాది, ఒకడి ఇంట్ల ఇంకొకడు ఏలు పెట్టొద్దు. దాన్నే సార్వభౌమత్వం అంటరు. ఇప్పుడు దునియాల రాజ్యాలన్నీ దాని మీదనే నడుస్తున్నయ్."

నిజానికి ఆ కాగితాల్లో ఇంత తేటగా ఏమీ రాసిలేదు. తర్వాత వచ్చినవాళ్లు ఆ అర్థాన్ని వాటికి తొడిగారు. ఆ సంగతి పంతులుకు తెలుసు. కానీ చెప్పేటప్పుడు కొంత కత్తిరించకపోతే వినేవాడు లేచిపోతాడని కూడా తెలుసు.

"మరి గీత ఎవరు తిరిగిండ్రు?" అన్నాడు జానయ్య. ఆయనకు కావలసింది అదొక్కటే.

"ఎవరూ తిరగలే. ఒక కాడ వాగు, ఒక కాడ గుట్ట. ఒక కాడ ఎవని ఫౌజు అలిసి ఆగితే గక్కడ."

"అంటే తప్పు గీతలు గూడ ఉంటయన్నట్టు."

"ఎతికితే అన్నీ తప్పు గీతలే. పక్కోడు ఒప్పుకున్న దినం నుంచి అది ఒప్పు."

"పక్కోడు ఒప్పుకోకుంటే?"

పంతులు చేతిలోని పత్రిక చూపించాడు. "మన నైజాం సర్కారు చూడు. తెల్లోడు పోంగనే నేను ఎవరి కిందా ఉండ, సర్వ స్వతంత్రం అంటున్నది. అనొచ్చు. చుట్టున్నోళ్లు 'ఔ' అనాలె గద! అననిదాక అది ఒట్టి కేక."

జానయ్య లేచి పోబోతుంటే పంతులు మళ్లీ పిలిచాడు. "ఇంకో ముచ్చట. చేను ఎవరిదన్నది వేరు, ఆ చేన్ల మాట ఎవరిదన్నది వేరు. హైదరాబాద్ సేటుకు బొంబాయిల బంగ్ల ఉన్నదనుకో. బంగ్ల సేటుదే. బొంబాయి సేటుదైతదా?"

జానయ్య తల ఊపాడు. ఆయన బొంబాయి చూడలేదు, సేటునూ చూడలేదు. మాట మాత్రం ఎక్కడికి పోవాలో అక్కడికి పోయింది.

మర్నాడు గీత అవతల దొంతికుంట, ఇవతల ఎర్రగట్టుపల్లి నిలబడ్డాయి. దొర గుర్రం దిగలేదు. ఇవతల పటేలు ముందుకు రాలేదు. దొంతికుంట పొలి మోసే అంజన్న కూడా జనంలో ఉన్నాడు. అంజన్న మారెమ్మకు తోడబుట్టిన తమ్ముడు, జానయ్యకు బామ్మర్ది. ఇంటికొస్తే బావ కంచంలో తినేంత చనువు. కానీ ఈ రోజు గీతకు అవతల ఉన్నాడు.

"జానిగా, తప్పు తిరిగినవా లేదా? గదొక్కటి చెప్పు" అన్నాడు దొర.

జానయ్య నోటి నుంచి తప్పు అన్న మాట ఎవరూ ఎన్నడూ వినలేదు. మారెమ్మ కూడా వినలేదు. అందుకే ఆయన చెప్పిన జవాబుకు అందరికంటే ఎక్కువ ఆమే నోరు తెరిచింది.

"తప్పే తిరిగిన, బాంచెన్ దొరా. ఒంటి తాటిచెట్టు కొట్టేసిండ్రు, నేను చూసుకోలే. మా అయ్య ఉంటే నన్ను కట్టెతోని కొట్టెటోడు."

పటేలు ఊపిరి వదిలాడు. గాలయ్య తలపాగ సర్దుకున్నాడు. జానయ్య ఇంకా ముగించలేదు.

"తప్పు నాది. పొలి నాది గాదు, అమ్మది. అమ్మ పొలి పడ్డంక గీత పడ్డట్టే. తీసేసే తాకత్ నాకు లేదు, పటేలుకు లేదు. నీ చేను నీదే దొరా. ఆముదాలు కోసుకో, ఎవడన్న ఆపితే నన్నడుగు. పంట నీది, పొలిమేర మాది. పొలిమేరల ఉన్న మనిషిని పిలిచే హక్కు, అఖ్తియార్ మా ఊరిది. ఇప్పుడు ఆమెను నువ్వు గుంజుకపోతే మా గీత తెగుతది. తెగిన గీతల నుంచి వచ్చేది ముందుగాల ఎవరింటికి వస్తదో ఎవరికెరుక?"

ఎర్రగట్టుపల్లి మొత్తం ఒక్కసారి ముందుకు జరిగింది. హనుమమ్మ మీద ప్రేమ పుట్టుకొచ్చి కాదు. ఆ గీత తెగితే తమ పిల్లలు చస్తారన్న భయంతో. అంతకుముందు రోజు దాకా ఆమె పేరు కూడా తెలియని కాపులు కట్టెలు పైకెత్తారు. ఊళ్లు అలాగే కడతారు, రాజ్యాలూ అలాగే కడతారు. ఒక్క మనిషిని వదిలేస్తే అందరికీ ముప్పని తెలిసిన నాడు ఆ ఒక్క మనిషికి విలువ వస్తుంది.

దొర తెలివైనవాడు. ఇక్కడ కొట్లాడితే తన మనుషులు గీత దాటరని గాలయ్య మొహం చూస్తేనే తెలిసింది. "సరే. ఎనిమిది దినాలకు మా ఊరి పొలి ఉన్నది" అన్నాడు. "మా అంజన్న తిరుగుతడు. ఈ చేను మా గీతల పడ్డదనుకో, మనిషి మాది. పడలేదనుకో, మీ దిక్కే సావనీయుండ్రి. రెండూర్ల ముంగట చెప్తున్న." అని గుర్రాన్ని తిప్పాడు. అంజన్న బావవైపు చూడకుండా వెళ్లిపోయాడు.

ఇక మొత్తం అంజన్న కాళ్ల మీద పడింది. పొలి మోసేవాళ్లు ఒకరి గీత గురించి ఒకరు మాట్లాడుకోకూడదని కట్టుబాటు. బావ బామ్మర్దులైనా సరే. జానయ్య గుడిసెలో అటూ ఇటూ తిరిగాడు. కట్టు ఎత్తగానే మారెమ్మ కొంగు బిగించింది.

"నేను పోతున్న."

"ఏడికి?"

"నా తమ్ముని ఇంటికి. ఆడిబిడ్డ పుట్టింటికి పోతే కట్టుబాటు తప్పుతదా?"

పోయేటప్పుడు దారిలో హనుమమ్మ గుడిసె దగ్గర ఆగి, "వాళ్ల పొలి దాకా మా ఇంట్ల ఉండరాదు? ఒంటిగ ఎందుకు?" అన్నది.

హనుమమ్మ తల అడ్డంగా ఊపింది. "నేను కదిల్తే జాగా ఉత్తదైతది అక్కా. ఉత్త జాగా కోసం ఎవడు కొట్లాడ్తడు?" అన్నది. కొత్తగా రెండు పూటలా తింటున్న మనిషి గొంతు కాస్త గట్టిపడింది. మారెమ్మకు ఆ మాట చాలా నచ్చింది.

దొంతికుంటలో అంజన్న అక్కకు కాళ్లకు నీళ్లిచ్చాడు. కోడిని కోశాడు. మారెమ్మ అన్నం కలుపుకుంటూ అదీ ఇదీ మాట్లాడి, చివరికి నెమ్మదిగా, "మీ బావ ముసలోడైండు. చెట్టు కొట్టేస్తే గూడ కనబడలే" అన్నది.

"అక్కా, గా ముచ్చట తియ్యకు" అన్నాడు అంజన్న. "నీకు తెలుసు గద. అడిగినవంటే నేను చెడ్డట్టు. తిను."

ఆమె తిన్నది. అడగలేదు. వచ్చేటప్పుడు తమ్ముడు ఊరి చివరిదాకా సాగనంపాడు. హనుమమ్మ గుడిసె దూరంగా కనబడుతున్న చోట ఆగి, "గామె మొగడు నేనూ కలిసి పశులు కాసినం" అని మాత్రం అన్నాడు. అది సంతోషించవలసిన మాటో భయపడవలసిన మాటో మారెమ్మకు తేలలేదు. ఇంటికొచ్చి మొగుడికి చెబితే, జానయ్యకూ తేలలేదు. ఆ మిగిలిన రోజులూ ఆ ఇంట్లో మాటలు తక్కువ, నిట్టూర్పులు ఎక్కువ.

దొంతికుంట పొలి నాడు వాన లేదు. ఎర్రగట్టుపల్లి మొత్తం తమ గీత మీదికి వచ్చి కూర్చుంది. హనుమమ్మ గుడిసె ముందు నిలబడింది. కొప్పు ముడుచుకుని, చీరె బిగించి, ఎక్కడికో ప్రయాణానికి సిద్ధమైనట్టుంది. ఎటు ప్రయాణమో ఆమెకు తెలియదు.

గంపతో అంజన్న గట్టు మలుపులో కనబడ్డాడు. వెనక గాలయ్య, దొర మనుషులు, కట్టెలు. గుర్రం మీద దొర. పాత గీత ప్రకారం అంజన్న ఆముదపు చేనుకు ఇవతలి అంచున, కొట్టేసిన తాటి మొద్దు దాకా రావాలి. రెండో తాటిచెట్టు వచ్చింది. అక్కడ అంజన్న వేగం తగ్గలేదు, తల తిప్పలేదు. చేతినిండా పొలి తీసి చెట్టు మొదట్లో చల్లి, అక్కడే తన ఊరివైపు మలిగాడు. చేనూ గుడిసే హనుమమ్మా గీతకు బయట మిగిలిపోయారు.

గాలయ్య మొహం కందగడ్డ అయింది. దొర నోరు తెరిచి మూశాడు. అరిస్తే తన ఊరి పొలి తన నోటితో తానే చెరిపినట్టు. గడీలో ముసలి తల్లి, పసివాళ్లు. గుర్రం మీద కూర్చుని కళ్లెం నలపడం తప్ప ఆయన చేయగలిగింది లేదు. ఇవతల జానయ్య మాత్రం చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఏడుపు పొరుగూరి పొలికి అడ్డం రాదు కాబట్టి కడుపునిండా ఏడ్చాడు.

తర్వాత దొర అంజన్నను గడీకి పిలిపించి కొట్టించాడు. అది దాచవలసిన సంగతి కాదు. వీపు మీద చారలు చాలా రోజులున్నాయి. ఎందుకట్ల తిరిగినవంటే, "పొలి ఎత్తినంక కాళ్లు నాయి గావు దొరా" అన్నాడట. దొర తల్లి అడ్డం పడి, పొలి మోసినవాణ్ణి కొడితే అమ్మ ఊరుకోదని కొడుకును తిట్టింది. దొర ఆ చేనులో ఆముదాలు కోసుకుపోయాడు గానీ, రెండు ఊళ్ల ముందు ఇచ్చిన మాట కాబట్టి మనిషి జోలికి రాలేదు. ఒకసారి గాలయ్య అలవాటు కొద్దీ గీత మీద నిలబడి హనుమమ్మను పిలిచాడు. ఆమె జొన్నరొట్టె తింటూ ఉంది. తినడం పూర్తిచేసి, చెయ్యి కడుక్కుని, లోపలికి పోయి తడిక వేసుకుంది.

సర్కారు సంగతి మీకు తెలిసిందే. ఎవరి కిందా లేనని అది ఏడాదిపాటు చెప్పుకుంది. చుట్టూ ఉన్నవాళ్లు ఔననలేదు. లోపలున్నవాళ్లను అది అడగలేదు. మరుసటి ఏడు సెప్టెంబరులో ఫౌజులు వచ్చి ఆ ముచ్చట ముగించాయి. కృష్ణయ్య పంతులు దాని మీద చాలా పాఠాలు చెప్పాడు. జానయ్య అన్నీ విని, "మా అంజన్న అసుంటి బామ్మర్ది లేకపాయె సర్కారుకు" అన్నాడు. పంతులుకు అది చాలా లోతైన మాటగా తోచింది. మారెమ్మకు మాత్రం మొగుడు మళ్లీ గొప్పలు మొదలుపెట్టినట్టు తోచింది.

కానీ ఫౌజులు రాకముందు, ఆ మరుసటి ఏడు ఆషాఢంలోనే, ఒకటి జరిగింది. పొలికి బియ్యం ఇల్లిల్లూ తిరిగి అడుగుతారు. ప్రతి గడపా ఒక గిద్దెడు వేయాలి. వేసిన గడప ఊరిది. గంప పట్టుకున్న పటేలు తమ్ముడు కాపువాడ తిరిగాడు, మాలవాడ తిరిగాడు, ఎందుకులే దొరతో గొడవ అని ఆముదపు చేను వైపు చూడకుండా మైసమ్మ గుడికేసి మళ్లాడు. జానయ్య వెనక నడుస్తున్నాడు. ఆయన కూడా అటే మళ్లాడు.

హనుమమ్మ గట్టు అడ్డం పడి ఉరికొచ్చింది. కొంగులో ఏదో మూటగట్టి ఉంది. ఆయాసంతో రొప్పుతూ గంపకు ఎదురుగా నిలబడింది.

"నా ఇల్లు కనబడలేదా మీకు?"

"గది కాదే..." అని నసిగాడు పటేలు తమ్ముడు.

"ఏది కాదు? నిరుడు మీ గీతల ఉన్ననని మీరు కట్టెలు పట్టిండ్రు. మీ గీత తెగుతదని పట్టిండ్రు, నాకెరుక. ఈయేడు పొలిల నా గింజ లేకుంటే గా గీత నన్ను ఎట్ల కాస్తది? నేనేమన్న మీ ఊరికి సుట్టాన్నా?"

పటేలు తమ్ముడు జానయ్యవైపు చూశాడు. జానయ్య గంపను ఆయన చేతుల్లోంచి తీసుకుని ఆమె ముందు కిందికి వంచాడు. పటేలు తమ్ముడి చేతిలోంచి గంప తీసుకోవడం మాలవాడలో పుట్టినవాడు చేసే పని కాదు. ఆయన చేశాడు.

హనుమమ్మ దగ్గర బియ్యం లేవు. కొంగు విప్పి జొన్నలు పోసింది. తెల్లటి బియ్యంలో ఆ జొన్నలు ఎటు కలిపినా విడిగా కనబడుతూనే ఉన్నాయి. పొలిలో జొన్నలు కలుస్తాయా అని ఎవరో గొణిగారు. జానయ్య చెయ్యి పెట్టి గంపంతా కలియబెట్టాడు.

"రేపు గీత చూసుకోనీకి నడుస్తున్న. నువ్వు గూడ రా" అన్నాడు ఆమెతో. "యాడ మలగాల్నో నీకంటే బాగ ఎవరికెరుక?"